చీకటి గది గురువు



మన ఇళ్లల్లో గోడమీదో, పాత ట్రంకు పెట్టెలోనో ఒకటో రెండో నలుపు తెలుపు ఫొటోలు ఉంటాయి. తాతగారి పెళ్లి ఫొటో ఒకటి, మేనత్త కుర్చీమీద చెయ్యి వేసి నిలుచున్న ఫొటో ఒకటి. వాటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి అరవై ఏళ్లయినా నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా నిలిచి ఉంటుంది. మరొకటి పసుపు పట్టి, మొహం మీద గోధుమరంగు మరకలు పడి, మనిషి ఎవరో గుర్తు పట్టలేకుండా ఉంటుంది. రెండూ ఒకే ఇంట్లో ఉన్నవే. ఒకే ఎండ, ఒకే గాలి తగిలినవే. మరి ఈ తేడా ఎక్కడిది?

చాలాసార్లు ఆ తేడా కెమెరాలో లేదు, ఫొటో తీసినవాడి చూపులోనూ లేదు. ఫొటో తీసిన తరువాత, చీకటి గదిలో, ఎవరూ చూడని చోట, చివరి గంటలో జరిగిన పనిలో ఉంది. ఆ గంటను పూర్తిగా ఇచ్చినవాడు ఒకడు. అయిదు నిమిషాలతో సరిపెట్టినవాడు మరొకడు. ఆ గంట ఇచ్చితీరాలని మొదటివాడికి ఎవరో నేర్పారు. ఆ నేర్పినవారిని గురించే ఈనాటి ప్రసంగం. చీకటి గదిలో గురువు చెప్పిన విద్య శిష్యుడి చేతిలో ఎంతకాలం నిలుస్తుంది, ఆ విద్యలో అసలు సారం ఏమిటి, చీకటి గదులే మూతపడిన ఈ రోజుల్లో దానితో మనకేం పని - ఈ మూడు సంగతులు మనవి చేస్తాను.

ముందుగా, డార్క్‌రూమ్ చూడని ఈ తరం శ్రోతల కోసం నాలుగు మాటలు. ఫిల్ము మీదా, ఫొటో కాగితం మీదా వెండి లవణాల పూత ఉంటుంది. వెలుతురు తగిలినచోట ఆ పూతలో మార్పు వస్తుంది. అయితే ఆ మార్పు కంటికి కనిపించదు. డెవలపర్ అనే ద్రావణంలో వేసినప్పుడు, వెలుతురు తగిలిన గింజలు నల్లని వెండిగా మారి బొమ్మ పైకి తేలుతుంది. ఫిల్ము మీద వచ్చే బొమ్మ తలకిందుల రంగుల్లో ఉంటుంది. తెల్లపంచె నల్లగా, నల్లజుట్టు తెల్లగా కనిపిస్తుంది. అదే నెగటివ్. ఆ నెగటివ్‌ను ఎన్‌లార్జర్‌లో పెట్టి, దాని గుండా దీపపు వెలుగును కాగితం మీదికి పంపితే, తెల్లపంచె మళ్లీ తెల్లబడుతుంది, జుట్టు మళ్లీ నల్లబడుతుంది.

ఆ కాగితం వరుసగా మూడు ట్రేలలో మునిగి లేస్తుంది. మొదటి ట్రేలో మెటాల్, హైడ్రోక్వినోన్ అనే మందులు కలిసిన డెవలపర్. రెండో దానిలో కాస్త ఎసిటిక్ ఆమ్లం కలిపిన నీళ్లు. డెవలపర్ పనిని అక్కడితో ఆపడానికి అది. మూడో ట్రేలో హైపో. హైపో అంటే సోడియం థయోసల్ఫేట్. వెలుతురు తగలకుండా మిగిలిపోయిన వెండి లవణాన్ని ఇది కరిగించి తీసేస్తుంది. ఆ పని జరగకపోతే ఫొటోను వెలుగులోకి తెచ్చిన కొద్దిసేపటికే అంతా నల్లబడి పోతుంది. హైపోకు ఈ గుణం ఉందని ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. 1839లో ఫొటో విద్య లోకానికి తెలిసివచ్చినప్పుడు, బొమ్మను నిలబెట్టే ఉపాయంగా దాన్ని వాడవచ్చునని చూపించినవాడూ ఆయనే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బొమ్మను నిలబెట్టే హైపోయే, పని అయిన తరువాత కాగితంలో మిగిలిపోతే ఆ బొమ్మకు శత్రువు అవుతుంది. అందులోని గంధకం ఏళ్ల తరబడి వెండిని మెల్లగా తింటూ పోతుంది. పసుపు, గోధుమ మరకలు పడేది అందుకే. కాబట్టి హైపో తరువాత మంచినీళ్లలో, నీళ్లు మారుతూ ఉండగా, మామూలు బ్రోమైడ్ కాగితాన్ని దాదాపు గంటసేపు కడగాలి. చెప్పుకోవడానికి ఇది నీళ్ల పని. చేయడానికి మాత్రం ఇదే కష్టం. ఎందుకంటే అయిదు నిమిషాలు కడిగిన ఫొటో, గంటసేపు కడిగిన ఫొటో ఆ సాయంత్రం గిరాకీ చేతికి వచ్చినప్పుడు ఒక్కలాగే ఉంటాయి. తేడా పదేళ్లకో, ఇరవై ఏళ్లకో తెలుస్తుంది. అప్పటికి డబ్బులు ఇచ్చినవారు ఉండకపోవచ్చు, స్టూడియో కూడా ఉండకపోవచ్చు.

చీకటి గది గురువు అసలు అవసరం ఇక్కడ కనిపిస్తుంది. మందుల పాళ్లు డబ్బా మీద అచ్చు వేసి ఉంటాయి. చదువు వచ్చిన ఎవరైనా కలుపుకోవచ్చు. ఎవరూ అడగని గంటను ఎందుకు ఇవ్వాలి అనేది మాత్రం ఏ డబ్బా మీదా రాసి ఉండదు. అది మనిషి నుంచి మనిషికి రావలసిందే.

మన వైపు స్టూడియోలలో పని నేర్చుకున్న తీరు పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పిల్లవాణ్ణి తెచ్చి స్టూడియోలో వదిలేవారు. మొదట్లో కెమెరా ముట్టనిచ్చేది లేదు. ఊడవడం, ట్రేలు కడగడం, నీళ్లు మోయడం, ఆరిన ఫొటోల అంచులు కత్తిరించడం. కొన్ని నెలలకు ఎర్రదీపం గదిలోకి ప్రవేశం. అక్కడ మొదటి పాఠం, చూసినదాన్ని వెంటనే నమ్మకూడదని. బ్రోమైడ్ కాగితానికి ఎర్ర వెలుగు పట్టదు కాబట్టి ఎర్రదీపం కింద పని సాగుతుంది. కానీ ఆ మసక వెలుగులో బొమ్మ ఉన్నదానికంటే నల్లగా కనిపిస్తుంది. కొత్తవాడు అయిపోయిందనుకొని తొందరపడి తీసేస్తాడు. బయటికి తెచ్చి చూస్తే బొమ్మ పాలిపోయి, బూడిద చల్లినట్లు ఉంటుంది. అందుకే సారు పక్కన నిలబడి ఆ పిల్లవాడి చెయ్యి ఆపేవారు. ఒకటిన్నర, రెండు నిమిషాలు పూర్తయ్యేదాకా ట్రే ఊపుతూ ఉండాలి, బొమ్మ ఎంత నల్లబడినట్లున్నా సరే. కాగితం ఆరిన తరువాత ఇంకొంచెం ముదురుతుందని కూడా లెక్కలో పెట్టుకోవాలి. మసక వెలుగులో తీర్పు చెప్పకూడదన్న ఆ పాఠం ఫొటోలకే పనికివచ్చేది కాదని వేరే చెప్పనక్కర లేదు.

రెండో పాఠం, వాతావరణంతో బేరం. డెవలపర్ సరిగా పనిచేయవలసిన వేడి 20 డిగ్రీలు. మన బళ్ళారి, రాయదుర్గం, ఆదోని ఎండలు వేసవిలో 40 దాటుతాయి. తొట్టిలో నీళ్లే వెచ్చగా ఉంటాయి. ఆ వేడికి డెవలపర్ అదుపు తప్పి బొమ్మమీద మసక కమ్ముతుంది. ఫిల్ము మీది పూత మెత్తబడి అంచుల్లో ముడతలు పడుతుంది, ఒక్కోసారి ఊడి వచ్చేస్తుంది. పెళ్లి ముహూర్తం మళ్లీ రాదు కాబట్టి పోయిన ఫిల్ము పోయినట్లే. అందుకే వేసవిలో ఫిల్ములు పగలు కడగకుండా రాత్రి చల్లబడిన తరువాతో, తెల్లవారుజామునో కడిగేవారు. ట్రే కింద ఇంకో పెద్ద ట్రేలో ఐసు ముక్కలు పెట్టేవారు. పూత గట్టిపడటానికి క్రోమ్ ఆలం ద్రావణం వాడేవారు. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఏ రోజున ఏది చాలుతుందో, ఏది చాలదో చెప్పగలిగింది మాత్రం ఆ ఎండలో పదేళ్లు పని చేసిన మనిషే.

మూడో పాఠం హైపోది. ఫొటో సరిగా కడిగారో లేదో తేల్చే ఒక చిన్న పరీక్ష ఉంది. ఊరబావిలో నీళ్లు శుభ్రం కావడానికి వేసే పొటాషియం పర్మాంగనేట్ మీకు తెలిసినదే. దాన్ని చాలా పలుచగా, లేత వంగపండు రంగు వచ్చేటట్లు నీళ్లలో కలుపుతారు. కడిగిన ఫొటోను ఎత్తి పట్టుకొని, కారుతున్న నీటిచుక్కలను అందులో పడనిస్తారు. రంగు నిలిచి ఉంటే హైపో పోయినట్లు. రంగు విరిగితే ఇంకా ఉన్నట్లు, మళ్లీ నీళ్లలో వేయవలసిందే. గిరాకీ బయట బల్లమీద కూర్చొని అర్జెంటు అంటున్నప్పుడు ఈ పరీక్ష చేసేవాడు ఎవడు? తన గురువు చేయగా చూసినవాడు చేస్తాడు. చూడనివాడు చేయడు. అలవాటు ఎక్కడినుంచి వస్తుందంటే అలా వస్తుంది.

శ్రోతలారా, ఈ గురుశిష్య సంబంధం మన ప్రాంతానికి కొత్తది కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు, బళ్ళారి ఇటు పోయేదాకా మనమంతా మద్రాసు రాజధానిలోని వాళ్లమే. ఆ మద్రాసులో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు 1850లో ఒక చిత్రకళా పాఠశాల మొదలుపెట్టాడు. తరువాత అది ప్రభుత్వ పాఠశాల అయింది. అక్కడ బొమ్మలు గీయడం, చెక్కడంతోపాటు ఫొటోగ్రఫీ కూడా నేర్పడం మొదలైంది. మన దేశంలో ఒక బడి పెట్టి ఈ విద్య నేర్పిన తొలి ప్రయత్నాలలో అదొకటి.

అదే కాలంలో, 1856లో, లిన్నేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని మద్రాసు ప్రభుత్వం తన ఫొటోగ్రాఫరుగా నియమించింది. ఆయన మధుర, శ్రీరంగం, తంజావూరు ఆలయాలను ఫొటో తీశాడు. తంజావూరు పెద్దగుడి చుట్టూ ఉన్న శాసనాలను 21 ఫొటోలుగా తీసి, వరుసగా అతికించి, సుమారు 19 అడుగుల పొడవున ఒకే పటంగా చేశాడు. అతుకు తెలియకుండా 21 ఫొటోల నలుపు తెలుపులు ఒక్క తీరుగా రావాలంటే చీకటి గదిలో ఎంత నిదానం కావాలో ఊహించండి. మన అమరావతి స్తూపం నుంచి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలను 1858లో ఫొటోలు తీసినవాడు కూడా ఈ ట్రైపే. ఆ శిల్పాలు మరుసటి సంవత్సరమే లండనుకు వెళ్లిపోయాయి.

ట్రైప్ దగ్గర పనిచేసినవారిలో సి. అయ్యాస్వామి ఒకడు. హంటరు బడిలో ఈ విద్య నేర్చుకొని, ట్రైపుకు సహాయకుడైనవాడు. కొద్ది ఏళ్లకే కొత్త గవర్నరు చార్లెస్ ట్రెవెలియన్ ఈ ఫొటోల శాఖ ఖజానాకు మించిన విలాసమని తేల్చి మూయించాడు. 1860 నాటికి ట్రైపు ఉద్యోగం ముగిసింది. కానీ విద్య ముగియలేదు. అయ్యాస్వామి అదే మద్రాసు బడిలో ఫొటోగ్రఫీ నేర్పే స్థానానికి వచ్చి, తన పేరుతో ఫొటోలు తీశాడు. ఆఫీసును మూయించడానికి గవర్నరుకు ఒక్క సంతకం చాలింది. చేతికి వచ్చిన విద్యను మూయించే సంతకం మాత్రం ఆయన దగ్గర లేకపోయింది.

ఇప్పుడు మన గడపలోకి వద్దాం. బళ్ళారికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో హంపి ఉంది. 2021లో విజయనగర జిల్లా విడిపోయేదాకా అది బళ్ళారి జిల్లాలోదే. 1856లో మద్రాసు సైన్యానికి చెందిన అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే అధికారి హంపి శిథిలాలను అరవైకి పైగా నెగటివ్‌లలో పట్టాడు. ఆ రోజుల్లో అవి ఫిల్ములు కావు, గాజు పలకలు కావు, కాగితాలు. దాదాపు 16 అంగుళాలు, 18 అంగుళాల పెద్ద కాగితాలు. వాటికి వెండి లవణం పట్టించి, ఫొటో తీసి, మందుల్లో కడిగి, ఆ తరువాత వెలుగు దూరేటట్లు మైనం ఎక్కించాలి. కొండల మధ్య, రాళ్ల వేడిలో, దొరికిన నీళ్లతో ఈ పని అంతా జరిగింది.

ఆ నెగటివ్‌లు చాలాకాలం ఎవరి కంటా పడలేదు. 1980లో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. నూటయిరవై ఏళ్లు దాటినా వాటి మీది బొమ్మలు చెక్కుచెదరలేదు. ఆలోచించండి. కాగితంలో హైపో దాగి ఉంటే, అది పీచులో ఇంకి బొమ్మను ఎప్పుడో మింగేసి ఉండేది. గ్రీన్‌లా ఆ రోజు కడిగిన కడుగుడు ఆయన పోయిన 110 ఏళ్ల తరువాత ఫలించింది.

ఆ ఫలం ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చెబుతాను. విఠలాలయం ముందున్న రాతి రథం మీ అందరికీ తెలుసు. 2017లో వచ్చిన యాభై రూపాయల నోటు వెనక ఉన్నది అదే. ఈనాడు దాని పైభాగం చదునుగా ఉంటుంది. గ్రీన్‌లా ఫొటోలో మాత్రం ఆ రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం ఉంది. తరువాతి కాలంలో ఆ శిఖరం లేకుండా పోయింది. అది ఎలా ఉండేదో ఈనాడు మన కళ్లకు కట్టి చూపుతున్నది ఆ కడిగిన కాగితమే.

కథ ఇంతటితో ఆగలేదు. 1983లో జాన్ గాలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫర్ హంపికి వచ్చి, గ్రీన్‌లా ఎక్కడెక్కడ కెమెరా పెట్టాడో ఆ చోట్లను వెదికి పట్టుకొని, అవే దృశ్యాలను మళ్లీ తీశాడు. 127 ఏళ్ల తేడాతో రెండు ఫొటోలు పక్కపక్కన. ఏ గోపురం ఎంత కూలింది, ఏ చెట్టు ఎక్కడ లేచింది, ఏ మంటపానికి ఎక్కడ మరమ్మతు జరిగింది, అన్నీ తెలిసివస్తాయి. ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసినవారు కారు. అయినా ఎక్కడ నిలబడాలో, ఏ వెలుగు కోసం ఆగాలో రెండోవాడికి మొదటివాడే చెప్పాడు. ఏకలవ్యుడికి ద్రోణుడి మట్టిబొమ్మ చాలినట్లు, గాలింగ్స్‌కు గ్రీన్‌లా నెగటివ్‌లు చాలాయి. వేలు ఇవ్వవలసిన అవసరం మాత్రం రాలేదు.

మన జిల్లాలో మరొకరిని తలుచుకోవాలి. సండూరు రాజవంశానికి చెందిన ఎం.వై. ఘోర్పడే గారు. 1931లో పుట్టి 2011లో కన్నుమూశారు. రాష్ట్రానికి ఆర్థికమంత్రిగా పనిచేసిన వారిగా చాలామందికి తెలుసు. అడవి జంతువుల, పక్షుల ఫొటోలు తీయడంలో దేశదేశాల్లో పేరు పొందినవారు. 1983లో అంతర్జాతీయ ఫొటో కళా సమాఖ్య ఆయనకు మాస్టర్ ఫొటోగ్రాఫర్ గౌరవం ఇచ్చింది. ఆ సంవత్సరమే వచ్చిన ఆయన పుస్తకం పేరు ‘సన్‌లైట్ అండ్ షాడోస్’, అంటే ఎండా నీడా అని. అదే రంగంలో బెంగళూరులో పేరు పొందిన టి.ఎన్.ఎ. పెరుమాళ్ గారు, ఓ.సి. ఎడ్వర్డ్స్ అనే పెద్దాయన దగ్గర ఈ విద్య నేర్చుకున్నారు. 2017లో తాను పోయేనాటికి పెరుమాళ్ గారు రెండు తరాల వన్యప్రాణి ఫొటోగ్రాఫర్లకు తానే గురువయ్యారు. గురువు అప్పు గురువుకే తీర్చలేం. తరువాతి వాడికి తీర్చాలి. ఈ విద్యలో లెక్క అదే.

దూరదేశంలోనూ ఇదే మాట. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే మహానుభావుడు ఉండేవాడు. చిన్నతనంలో పియానో నేర్చినవాడు కాబట్టి, నెగటివ్‌ను స్వరలిపితోనూ, ప్రింటును కచేరీతోనూ పోల్చేవాడు. స్వరం ఒకటే, పాడేటప్పుడు ప్రాణం పోయాలి అని భావం. యోసెమిటీ లోయలో తాను తీసిన కొన్ని నెగటివ్‌ల నుంచి ప్రింట్లు వేసే బాధ్యతను 1970లలో తన సహాయకుడు ఆలన్ రాస్‌కు అప్పగించాడు. ఆడమ్స్ 1984లో పోయాడు. ఆ తరువాత కూడా దశాబ్దాలపాటు రాస్ అవే నెగటివ్‌లను చీకటి గదిలో పెట్టి, గురువు కోరిన తీరుగా ఎక్కడ వెలుగు ఆపాలో అక్కడ చేయి అడ్డం పెట్టి, ఒక్కొక్కటిగా ప్రింట్లు వేస్తూ వచ్చాడు. నెగటివ్ ఇచ్చినంత మాత్రాన చాలదు. దాన్ని ఎలా చదవాలో తెలిసిన చేతులను కూడా తయారు చేసి పోవాలి.

బళ్ళారి వాళ్లకు దీనికి దగ్గరి పోలిక కావాలంటే నాటకరంగం ఉంది. బళ్ళారి రాఘవ గారి నటన గురించి చెప్పుకుంటాం. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారు నాటకాలు రాసి, సభ పెట్టి, వేషాలు వేసి చూపిన వాతావరణంలో పెరిగిన మనిషి రాఘవ. తెరమీద మనం చూసేది ఒకరిని. తెరవెనక నిలబడ్డవారు ఇంకొకరు. ఫొటోలోనూ అంతే.

ఇక ఈనాటి సంగతి. 1990లలో కలర్ ల్యాబులు వచ్చి నలుపు తెలుపు చీకటి గదులను వెనక్కి నెట్టాయి. ఆ తరువాత డిజిటల్ కెమెరాలు, ఆ వెంటనే సెల్‌ఫోన్లు వచ్చి ఆ ల్యాబులనే మూయించాయి. ‘ఇందు’ అనే పేరుతో మన దేశపు ఫిల్ములు, ఫొటో కాగితాలు తయారుచేసిన ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ కర్మాగారం 1960లో ఏర్పడి, దశాబ్దాలపాటు నడిచి, చివరికి మూతపడింది. ఎన్‌లార్జర్లు పాత సామాన్ల కొట్టుకు చేరాయి. ఇందుకు ఎవరినీ తప్పుపట్టనక్కర లేదు. పనిముట్లు మారడం లోకసహజం. చీకటి గది వాసన, ఆ మందులతో పగిలిన వేళ్లు మళ్లీ రావాలని కోరుకోవడం కూడా అనవసరం.

కానీ రెండు విషయాలు చేజారుతున్నాయి. వాటి సంగతి ఇప్పుడే చూడాలి.

మొదటిది, పాత స్టూడియోల నెగటివ్‌లు. ఒక్కొక్క స్టూడియోలో ముప్పై నలభై ఏళ్ల ఊరి మొహాలు డబ్బాల్లో ఉంటాయి. పెళ్లిళ్లు, బడి పిల్లల గుంపు ఫొటోలు, ఊరేగింపులు, కరువు పనులు, నాటకం వేషాలు. సరిహద్దు వచ్చి ఊళ్లు అటూ ఇటూ అయినా చుట్టరికాలు తెగలేదని చెప్పే సాక్ష్యాలు. స్టూడియో మూసేటప్పుడు ఈ డబ్బాలు చెత్తకో, వెండి తీసేవారికో పోతున్నాయి. ఒక నెగటివ్‌లో ఉండే వెండి ఎంత? గోరంత కూడా కాదు. పోయే మనుషుల జ్ఞాపకం ఎంత అంటే దానికి తూకం లేదు.

రెండోది, ఆ డబ్బాల్లో ఎవరున్నారో చెప్పగల మనుషులు. సికింద్రాబాదులో 1886లో స్టూడియో పెట్టిన రాజా దీన్‌దయాళ్ తన నెగటివ్‌లకు నంబర్లు వేసి, పేర్లు రాసి ఉంచే పద్ధతి పాటించాడు. ఆయన గాజు నెగటివ్‌లు రెండువేల ఎనిమిదివందలకు పైగా ఈనాడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయంటే, అవి ఏమిటో మనకు తెలుస్తున్నాయంటే, ఆ నంబర్ల పుణ్యం ఎంతో ఉంది. మన చిన్న ఊళ్ల స్టూడియోలలో నంబరు చాలాసార్లు సారు తలలోనే ఉండేది. ఫలానా డబ్బాలో ఫలానా వారి పెళ్లి అని కళ్లు మూసుకొని చెప్పగలరు. ఆ తల పండిపోయింది. అడిగేవారు లేక ఊరకే కూర్చొని ఉంది.

కాబట్టి శ్రోతలకు కొన్ని మనవులు. ఖర్చు లేని పనులే. ఇంట్లో పాత ఫొటోలు ఉంటే, వెనకవైపు అంచులో మెత్తని పెన్సిలుతో పేర్లు, ఊరు, తెలిసినంతవరకు సంవత్సరం రాయండి. బాల్ పెన్ను వద్దు. దాని ఒత్తిడి ముందువైపు గీతగా తేలుతుంది, సిరా దిగుతుంది. జిగురు పూసిన ఆల్బముల్లో, లామినేషన్‌లో పెట్టకండి. జిగురు, ప్లాస్టిక్కు కలిసి కొన్నాళ్లకు ఫొటోను ఊడదీయడానికి వీలు లేకుండా చేస్తాయి. కాగితపు కవర్లలో పెట్టి, వంటింటి పొగకూ, స్నానాల గది చెమ్మకూ దూరంగా ఉంచండి. నలుపు తెలుపు ఫొటోలకంటే పాత కలర్ ఫొటోలు త్వరగా వెలిసిపోతాయి, కాబట్టి నకలు తీయించేటప్పుడు ముందు వాటికి తీయించండి. నకలు తీసుకున్నాం కదా అని అసలును పారవేయకండి. సెల్‌ఫోనులో ఉన్న ఫొటోలు ఒక్కచోటే ఉంచకుండా రెండుచోట్ల దాచండి. ముఖ్యమైనవి కొన్నింటిని కాగితం మీదికి ఎక్కించండి. ఫోను నీళ్లలో పడితే పోయేది ఫోను ఒక్కటే కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. మీ ఊళ్లో చీకటి గదిలో పనిచేసిన పెద్దమనిషి ఎవరైనా ఉంటే, ఈ వారమే వెళ్లి పలకరించండి. మీ ఇంటి పాత ఫొటోలు తీసుకెళ్లి చూపండి. ఎవరు తీశారు, ఎవరు కడిగారు, ఆయనకు ఎవరు నేర్పారు అని అడగండి. వారు చెప్పింది రాసిపెట్టండి, లేదా ఫోనులో రికార్డు చేయండి. స్టూడియో మూసేస్తున్నారని తెలిస్తే, నెగటివ్‌లు పారవేయవద్దని బతిమాలండి. దగ్గరి కాలేజీలోని చరిత్ర అధ్యాపకులకో, మ్యూజియం వారికో ఒక మాట చేరవేయండి.

చీకటి గది గురువు శిష్యుడికి ఇచ్చింది కెమెరా విద్య అనుకుంటాం. నిజానికి ఆయన ఇచ్చింది ఒక పద్ధతి. ఈ రోజు ఎవరికీ కనిపించని పనిని కూడా, రేపు ఎవరో చూస్తారన్నట్లు చేయడం. ఆ పద్ధతి ఉన్నవాడు గది మూతపడినా దాన్ని వెంట తీసుకొనే పోతాడు. బట్టలు కుట్టేవాడు లోపలి కుట్టు గట్టిగా వేస్తాడు. మేస్త్రి పునాదిలో సిమెంటు దొంగిలించడు. మాస్టారు ఇన్‌స్పెక్టరు రాని రోజున కూడా పాఠం చెబుతాడు. మీ గోడమీది ఫొటో అరవై ఏళ్లకు కూడా వెలిసిపోకుండా ఉందంటే, మీరు పేరు ఎరగని ఒక మనిషి, తనకు ఎవరో నేర్పినట్లు, మీ తాతగారి కోసం ఒక గంటసేపు నీళ్ల దగ్గర నిలబడ్డాడని అర్థం.